మోరీ నీళ్ల చదువు మా అమ్మాయికి ఎందుకండీ?

ప్రశ్న: మాది మలక్‌పేట. పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. హెల్సింకీలో మురుగునీటి నుంచి వేడి తీసి ఇళ్లకు ఇస్తారని ఓ వీడియో చూసింది. అప్పటి నుంచి అదే చదువుతానంటోంది. మా వారేమో 'మోరీల పని నీకెందుకు, సీఎస్‌ఈ ఏఐ తీసుకో' అంటున్నారు. ఓ కన్సల్టెన్సీ వాళ్లు ప్రైవేటు యూనివర్సిటీలో 'సస్టైనబుల్ ఎనర్జీ' బీటెక్ చేయించి ఫిన్లాండ్ పంపిస్తామంటున్నారు. సీఎస్‌ఈ, సివిల్, ఈ కొత్త కోర్సు పోల్చి చెప్పండి. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది అవుతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ అసలు ప్రశ్న ఆ చివరి వాక్యమే. పెళ్లి భయం నా దగ్గరికి ఏటా వస్తుంది, బ్రాంచి పేరు మాత్రం మారుతుంటుంది. ఒక ఏడు మైనింగ్, ఒక ఏడు వెటర్నరీ, ఈసారి మోరీ.

1908లో మూసీ ఊరిని ముంచాక నిజాం సర్కారు పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను ఆపే పథకంతో పాటు హైదరాబాద్ డ్రైనేజీకీ ప్లాన్ ఇచ్చారు. ఏటా సెప్టెంబరు 15న ఆయన ఫొటోకు దండ వేసే కాలేజీలోనే కదా మీ అమ్మాయిని చేర్పించాలని చూస్తున్నారు! ఇంజినీరు మ్యాన్‌హోల్‌లోకి దిగడు. ఆ మాటకొస్తే రక్షణ సాధనాలు లేకుండా ఏ మనిషినీ అలా దించకూడదని 2013లో చట్టమే వచ్చింది. మన ఇరుకు గల్లీల కోసం జలమండలి 2017లో నీటి ధారతో మోరీలు శుభ్రం చేసే చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది కూడా. 'మోరీల పని' అని మీ వారు మొహం చిట్లించేది చదువును చూసి కాదు, ఆ పని చేసే మనుషులను చూసి. పిల్ల అన్నీ వింటుంది. ఇంట్లో ఆ మాట ఆపండి.

ఇక ఆ వీడియో సంగతి. అందులో చూపించింది నిజమే. హెల్సింకీలో కాత్రి వాలా పార్కు కింద రాతిలో తొలిచిన చోట 2006 నుంచి హీట్ పంపులు నడుస్తున్నాయి. శుద్ధి అయిన నీళ్లలో మిగిలిన కాస్త వెచ్చదనాన్ని లాగి ఊరి వేడినీటి పైపుల్లోకి ఎక్కిస్తాయి. మన ఫ్రిజ్ లోపలి వేడిని వెనక జాలీలోంచి బయటికి తోస్తుంది చూడండి, అదే సూత్రం. ఒక యూనిట్ కరెంటు పెడితే సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. వాంకూవర్‌లో 2010 ఒలింపిక్ విలేజ్ కోసం శుద్ధి చేయని మురుగు నుంచే తీశారు. అందులో ఓ మెలిక ఉంది. ప్లాంటుకు చేరకముందే మరీ ఎక్కువ వేడి లాగేస్తే, అమ్మోనియాను తినే బ్యాక్టీరియా చలికి మందగిస్తుంది. వేడి మిగుల్చుకోబోయి శుద్ధిని చెడగొట్టుకున్నట్టు అవుతుంది. అందుకే చాలాచోట్ల శుద్ధి అయ్యాకే తీస్తారు. మీ అమ్మాయిని ఈ మెలిక గురించి అడిగి చూడండి. కళ్లు మెరిస్తే ఆసక్తి వీడియోతో పోయేది కాదని నేనంటాను.

హైదరాబాద్‌లో ఇళ్లను వెచ్చబెట్టే అవసరం ఎవరికుంది? మన వెచ్చదనం ఇంకోలా పనికొస్తుంది. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల ప్లాంటు గాలి ఊదకుండానే మురుగును కుళ్లబెట్టి గ్యాస్ తీసే పద్ధతిలో కట్టారు. ఆ బ్యాక్టీరియాకు వెచ్చటి నీళ్లే కావాలి. 2021లో రూ.3,866 కోట్లతో మరో 31 ప్లాంట్లు తలపెట్టారు, అన్నీ కలిపి రోజుకు 125 కోట్ల లీటర్లకు పైమాటే. వాటిని సరిగ్గా నడిపేవాళ్లు, శుద్ధి అయిన నీళ్లను మళ్లీ వాడించేవాళ్లు కావాలి. ఇది పక్కా పని.

నాకు అనుమానమున్నది ఆ కన్సల్టెన్సీ కోర్సు మీదే. మూడేళ్ల కింద ఇలాంటి మెరుపు పేరున్న బీటెక్‌లో చేరిన కుర్రాడొకడు ఫైనలియర్‌లో నా దగ్గరికొచ్చాడు. కంపెనీల అర్హత జాబితాలో గానీ సర్కారు నోటిఫికేషన్లలో గానీ వాడి బ్రాంచి పేరే లేదు. సిలబస్ చూస్తే మెకానికల్ కొంత, ఎలక్ట్రికల్ కొంత, రెండూ సగం సగం. వాడికి ఏం చెప్పాలో ఆ రోజు నాకూ తోచలేదు. ఇక ఫిన్లాండ్ అంటారా, యూరప్ బయటి పిల్లలకు అక్కడ 2017 నుంచి ఫీజులున్నాయి. ఊరి నీటి సంస్థల్లో పనిచేయాలంటే అక్కడి భాష కూడా రావాలి. ఈ రెండు ముక్కలూ కన్సల్టెన్సీ వాళ్లు మీకు చెప్పారా?

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వేడి వైపు ఇష్టమైతే మెకానికల్, నీటి వైపైతే సివిల్ లేదా కెమికల్. ఆ తర్వాత ఎన్విరాన్‌మెంటల్‌లో ఎంటెక్ చేయవచ్చు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2021 నుంచి దానికి విడిగా పేపరుంది. ధన్‌బాద్ ఐఐటీ (ఐఎస్‌ఎం)లో నేరుగా బీటెక్కే ఉంది. సీఎస్‌ఈ చెడ్డదని నేననను. కానీ కోడింగ్ మాట ఎత్తని పిల్లను అందులో తోస్తే నాలుగేళ్లు బ్యాక్‌లాగులతో మీరే లెక్కలేసుకుంటూ కూర్చోవాలి. సివిల్‌లో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల కన్నా తక్కువే ఉంటుంది, కొన్నేళ్లు చుట్టాల మధ్య అది గుచ్చుకుంటుంది. ప్లాంటులో నైట్ షిఫ్టులు కూడా పడొచ్చు. ఈ రెండూ పిల్లకు ఇప్పుడే చెప్పండి, దాచకండి. పెళ్లి సంగతి ఇప్పుడే ఎందుకు, ముందు ఇంటర్ పాస్ కానివ్వండి.

కొండాపూర్ వైపు పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో చుట్టాలెవరైనా ఉంటే, ఓ ఆదివారం పొద్దున్నే వెళ్లి వాళ్ల ఎస్‌టీపీ, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు, చూపించమనండి. చాలావాటికి సెల్లార్‌లోనే ఉంటుంది. అక్కడి ఆపరేటర్‌తో పాపను ఓ గంట మాట్లాడనివ్వండి. మీ వారినీ తీసుకెళ్లండి. బయటికొచ్చాక, ఆ ఫ్లాట్ల ఫ్లష్‌లో పారే నీళ్లు ఎక్కడివో ఆపరేటర్‌నే ఆయనకు చెప్పమనండి.