ఐదు కుటుంబాలు, ఒకే వంటిల్లు: ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. నాకు 46 ఏళ్లు, ఎలక్ట్రికల్ షాపు ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు మా కింది అంతస్తు మునిగిపోయింది. అప్పటినుంచీ ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదు. ఐదుగురు స్నేహితులం కలిసి పొలం కొని, ఒకే వంటిల్లు పెట్టుకుని, మా తిండి మేమే పండించుకోవాలని అనుకుంటున్నాం. చెన్నేకొత్తపల్లి, రేపల్లె, నూజివీడు వైపు భూములు చూశాం. ఎక్కడైతే మంచిది? ఇల్లు అమ్ముదామన్న రోజు నుంచీ నా భార్య నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అమ్మకు 74 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. అమ్మాయి తొమ్మిదో తరగతి.

జవాబు: వాన గట్టిగా పడితే రాత్రంతా మేలుకుని కూర్చునేవాళ్లు మీ పేటలో ఇంకా ఉన్నారు. కాబట్టి మీ ఆలోచనను పిచ్చి అని నేననను. కానీ మీరు మూడు ఊళ్లు తిరిగి భూములు చూశారు కదా, ఒక్కసారైనా మీ ఆవిడను వెంట తీసుకెళ్లారా? ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

నేను తెనాలి దగ్గర పదిహేడు మంది ఉన్న ఇంట్లో పెరిగాను. పండగలకు అంతకంటే కళకళలాడే ఇల్లు ఊళ్లో లేదు. అమ్మ మాత్రం నాలుగింటికే లేచి పొయ్యి రాజేసేది. వానాకాలంలో నీళ్లలో నాని నాని ఆవిడ వేళ్ల సందులు ఒరిసిపోయేవి. రాత్రి అందరూ పడుకున్నాక దీపం దగ్గర కూర్చుని పసుపు కలిపిన కొబ్బరినూనె రాసుకునేది. ఉమ్మడిగా ఉంటే ఎంత బాగుంటుందో మా నాన్న జీవితాంతం చెప్పాడు. అమ్మ ఒక్కసారీ ఆ మాట అనలేదు. మీ ‘ఒకే వంటిల్లు’ చదవగానే నాకు ఆ చేతులే గుర్తొచ్చాయి. ఇరవై మందికి పొద్దున టిఫిను ఎవరు చేస్తారు? అంట్లు ఎవరు తోముతారు? మగవాళ్లకు కూడా వంతులు వేసుకున్నారా? మీ ఆవిడ మౌనానికి కారణం సగం ఇక్కడే ఉండొచ్చు. అడగండి. అడిగాక మధ్యలో అందుకోకుండా పూర్తిగా వినండి.

ఇక ఊళ్ల సంగతి. రాయలసీమలోని చెన్నేకొత్తపల్లి పేరు మీకు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వల్ల తెలిసుంటుంది. వాళ్లు 1990లో 32 ఎకరాల బంజరుతో మొదలుపెట్టి, ఆ నేలను మళ్లీ పచ్చగా చేశారు. అయితే కంచె వేసుకుని తమ మటుకు తాము బతకలేదు, చుట్టుపక్కల ఊళ్ల రైతులతో, ఆడవాళ్లతో కలిసి పనిచేశారు. దానికి ఏళ్లు పట్టింది. అక్కడ పడే వాన మన ఉమ్మడి కృష్ణా జిల్లాలో పడేదాంట్లో దాదాపు సగమే. పైగా విజయవాడలోని డాక్టరు దగ్గరకు మీ అమ్మగారిని తీసుకురావాలంటే ఒక రాత్రి ప్రయాణం. ఆవిడకిది వద్దు.

రేపల్లె వైపు కాలువ నీళ్లున్నాయి, వరి బాగా పండుతుంది. కానీ సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోర్లలో ఉప్పునీళ్లు. కృష్ణ అవతలి ఒడ్డునే దివిసీమ, 1977 నవంబర్ 19 నాటి ఉప్పెనను అక్కడి పెద్దవాళ్లు ఇంకా మరచిపోలేదు. వరదకు భయపడి బయల్దేరిన మీరు తుపాను దారిలో ఇల్లు కట్టుకోవడం నాకు నచ్చలేదు.

నన్నడిగితే నూజివీడు వైపే. మీ షాపు మూసేయక్కర్లేదు, ఆసుపత్రి అందుబాటులో ఉంటుంది. ఎర్రనేల, మామిడి తోటలు, కూరగాయలు, పాడి సాగుతాయి. బోర్ల మీద వరి మాత్రం కష్టం. దానికి బెంగపడకండి. మనిషికి నెలకు తొమ్మిది కిలోల బియ్యం వేసుకున్నా ఇరవై మందికి ఏడాదికి 45 బస్తాల వడ్లు చాలు, అవి డెల్టా రైతు దగ్గర కొనుక్కోవచ్చు. అసలు ఖర్చు నూనె, మందులు, స్కూలు ఫీజులు, కరెంటు. ఇవి పొలంలో పండవు కాబట్టి ఐదిళ్లలో కనీసం ఇద్దరికి నెలనెలా డబ్బు వచ్చే పని ఉండి తీరాలి.

అడ్వాన్సు ఇచ్చేముందు ఈసీ (ఆ భూమి మీద పాత అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బీ (హక్కుదారు ఎవరో చెప్పే రికార్డు) తీయించండి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమేమో చూసుకోండి. బోరు నీళ్లు మే నెలలో చూడాలి, అక్టోబరులో అన్ని బోర్లూ పోస్తాయి. ఐదుగురిలో ఒకరు వెళ్లిపోతానంటే వాటా ఏ లెక్కన, ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. స్నేహం బాగున్నప్పుడే ఆ మాటలు మాట్లాడుకోగలరు. సేద్యం తెలియదన్న టెన్షన్ ఉంటే, ప్రకృతి వ్యవసాయం నేర్పించే రైతు సాధికార సంస్థ మన గుంటూరులోనే ఉంది, వెళ్లి కలవండి.

ఈ వేసవి సెలవుల్లో నూజివీడు దగ్గర ఒక తోట ఇల్లు నెలకు అద్దెకు తీసుకుని ఐదు కుటుంబాలూ కలిసి ఉండి చూడండి. మొదటి వారం వంట మగవాళ్లదే. నెలాఖరున ఆడవాళ్లను, మీ అమ్మగారిని, పిల్లలను విడివిడిగా అడగండి. అమ్మాయి పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా సింగ్‌నగర్ ఇల్లు మాత్రం అమ్మకండి. ఆ మాట ఈ రాత్రే మీ ఆవిడతో చెప్పండి.