బామ్మర్ది కథ వేయనంటే పండుగకు ఎట్లా పోవాలి?

ప్రశ్న: మాది నల్గొండ. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. తెలుగు సైన్స్ ఫిక్షన్ కథల సంకలనం ఒకటి తెస్తున్నాను. 73 కథలు వచ్చాయి, 16 వేయాలి. రాత్రి ఒంటిగంట దాకా అదే పని. దేవరకొండలో ఎరువుల దుకాణం నడిపే మా బామ్మర్ది ప్రింటింగ్‌కు 40 వేలు ఇచ్చాడు. తర్వాత తనే ఒక కథ పంపాడు. బాగాలేదు. రెండు నెలలుగా "చూస్తున్నా" అంటూ దాటేస్తున్నాను. "సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికల 354 మందిని వేసిండు, నన్నొక్కన్ని వేయలేవా బావా?" అంటున్నాడు. "ఒక్క కథ ఏస్తే ఏం పోతది?" అని మా ఆవిడ. దసరాకు అత్తగారింటికి పోవాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు ఆ కథ కూడా జతచేసి పంపారు. నేను అడగలేదు గానీ, మంచి పనే చేశారు. చదివాను. వేయదగ్గది కాదన్న మీ మాట నిజమే. గ్రహాంతరవాసులు సాగర్ డ్యామ్ మీద దిగి, ఒక్క రాత్రిలో జిల్లా నీళ్లలోని ఫ్లోరైడ్‌నంతా పీల్చేసి వెళ్లిపోతారు. ఎట్లా పీల్చారో ఎక్కడా లేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని ఆఫ్రికా దాకా 'నల్గొండ టెక్నిక్' అనే పిలుస్తారు. మన కథలో మాత్రం ఆ పనికి వేరే గ్రహం వాళ్లు రావాల్సి వచ్చింది!

కానీ మూడో పేజీ మళ్లీ చూడండి. నడుము వంగిపోయిన ముసలామె బోరింగు కొడుతూ, పళ్ల మీద పసుపు మరకలున్న మనవడితో "నవ్వేటప్పుడు నోరు మూసుకో బిడ్డా" అంటుంది. అది కళ్లారా చూసినవాడు రాసిన పేజీ. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. కథ ఎవరిదో తెలిశాక మీరు దాన్ని భయంతోనే చదివినట్టున్నారు.

సురవరం వారి పేరెత్తి ఆయన అన్న మాటకు జవాబు తేలికే. 1934లో సురవరం గోలకొండ కవుల సంచిక తెచ్చింది తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా. అక్కడ ఎంతమంది ఉన్నారో చూపించడమే పని. మీ పని ఏరడం. ఆ మాట మీ బామ్మర్దిని నొప్పించకుండా చెప్పొచ్చు. రెండు నెలల మౌనానికే నా దగ్గర సమర్థన లేదు. ఈపాటికి దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ "బావ పుస్తకంల నా కథ వస్తుంది" అని చెప్పుకొని ఉంటాడు. మిగతా 56 మందికైనా వెంటనే నాలుగు ముక్కలు రాసి పంపండి. వాళ్లూ ఎదురుచూస్తూనే ఉంటారు.

ముందు డబ్బు సంగతి తేల్చండి. అది తేలకుండా కథ గురించి నోరెత్తితే "పైసలు పనికొచ్చినయి, కథ పనికిరాలేదా?" అంటాడు. ఆ మాటకు మీ దగ్గర జవాబుండదు. 40 వేలు ఒక్కసారి కాకుంటే నెలకు 5 వేల చొప్పున ఇస్తానని చీటీ రాసివ్వండి. వద్దు, పుస్తకానికే ఇచ్చానంటే, ముందు పేజీల్లో కృతజ్ఞతగా ఆయన పేరు వేయండి. కథకు బదులుగా మాత్రం కాదు. ఆ తేడా ఆయనకూ అర్థమయ్యేలా చెప్పండి.

ఇక మీ ఆవిడ. రాత్రి ఒంటిగంట దాకా అన్నది మీరు ఒక్క ముక్కలో దాటేశారు. నాకు అక్కడే ఆగాలనిపించింది. కథలు చదవడం, రచయితలకు తిరిగి రాయడం, రాతపూర్వకంగా అనుమతులు తీసుకోవడం, ప్రూఫులు దిద్దడం, ఇదంతా అన్నం తినే బల్ల మీదే జరుగుతుంటే ఆమెకు రోజూ కనబడేది మీ వీపే. ఆ 73 కథల్లో ఆమెకు సంబంధం ఉన్నది ఒక్కటే, అదీ తమ్ముడిది. అది కూడా తీసేస్తానంటే "ఏం పోతది" అనక ఏమంటుంది? అలాగని ఆ కథ ఆమె చేతికిచ్చి "నువ్వే చెప్పు" అనకండి. తమ్ముడి మీద తీర్పు ఆమెతో చెప్పించడం అన్యాయం. వేయాలనుకున్న 16 లో మీకు బాగా నచ్చినది ఒకటి పైకి చదివి వినిపించండి. మధ్యలో లేచి వంటింట్లోకి పోతే నొచ్చుకోకండి. అదీ ఒక అభిప్రాయమే.

దసరా దాకా ఆగకండి. ఈ ఆదివారమే దేవరకొండ బస్సెక్కండి. ఒక్కరే వెళ్లండి, ఆమె పక్కనుంటే ఇద్దరి మధ్యా నలిగిపోతుంది. దుకాణంలో నలుగురి ముందు వద్దు, ఇంట్లో కూర్చొని మాట్లాడండి. చీటీతో పాటు కథ ప్రింటు కూడా తీసుకెళ్లండి. మూడో పేజీ పక్కన పెన్సిల్‌తో గీత గీసి, ఆ ముసలామె ఎవరో అడగండి.