నా కోడ్‌లో తప్పుంటే జీసీసీ (సీ, సీ++ కోడ్‌ను కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్) ఎర్రర్ చెప్పాలి గానీ, తనే ఎందుకు క్రాష్ అవుతుంది?

అది కంపైలర్ బగ్. మీ మొదటి ఎర్రర్ సరిచేస్తే సాధారణంగా క్రాష్ పోతుంది, బగ్ మాత్రం అలాగే ఉంటుంది. జీసీసీ మొదటి తప్పు దగ్గరే ఆగదు, మిగతావీ ఒకేసారి చూపించాలని ముందుకెళ్తుంది. ఉదాహరణకు సీ++ లో ‘ఆటో ఎక్స్ = వై + 1;’ అని రాసి, వై ని ఎక్కడా ప్రకటించలేదనుకోండి. ఆ వ్యక్తీకరణ స్థానంలో జీసీసీ ‘ఎర్రర్_మార్క్_నోడ్’ అనే, ‘ఇక్కడ తప్పుంది’ అని తెలిపే గుర్తు పెడుతుంది. తర్వాత వచ్చే జీసీసీ లోపలి ఫంక్షన్ ఏదో దాన్ని నిజమైన విలువనుకుని లోపలికి తొంగిచూస్తే కుప్పకూలుతుంది. జీసీసీలో చేయాల్సిన మరమ్మతు చాలాసార్లు రెండు లైన్లే: ఫంక్షన్ మొదట్లోనే ఆ గుర్తు కనిపిస్తే దాన్నే తిరిగి ఇచ్చేయడం. ఆ రెండు లైన్లు ఎక్కడ పెట్టాలో వెతకడమే అసలు తలనొప్పి.

కోడ్ తప్పు కాబట్టి క్రాష్ మామూలే అనుకుంటారు చాలామంది. కాదు, ఎంత చెత్త కోడ్ ఇచ్చినా కంపైలర్ ఎర్రర్ చెప్పి మర్యాదగా ఆగాలి.