బ్యాక్టీరియాకు అయస్కాంత దిశ ఎలా తెలుస్తుంది?

కొన్ని రకాల బ్యాక్టీరియా భూమి అయస్కాంత క్షేత్రం వెంట ఈదుతాయి. మెదడూ నరాలూ లేని వాటికి ఉత్తరం ఎటో ఎలా తెలుస్తుందని అడిగారు. నిజానికి ఆ బ్యాక్టీరియాకు తెలియనక్కర్లేదు. భూమి అయస్కాంత క్షేత్రమే దాన్ని తిప్పి నిలబెడుతుంది.

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో మేము చెరువు అడుగు బురదను, అదే చెరువు నీళ్లతో గాజు సీసాలో పోసి, మూత వదులుగా పెట్టి, ఎండ తగలని చోట కొన్ని వారాలు ఉంచాం. తర్వాత బురదకు కాస్త పైన సీసాకు బార్ మాగ్నెట్ ఆనించి, అక్కడ చేరిన నీటిని పిపెట్‌తో తీసి మైక్రోస్కోపు కింద చూశాం. మిగతా సూక్ష్మజీవులు ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంటే, కొన్ని మాత్రం ఒకే వైపు ఈదుతూ చుక్క అంచున పోగయ్యాయి. మాగ్నెట్ తిప్పితే గుంపంతా వెనక్కి మళ్లి అవతలి అంచుకు బయలుదేరింది! ఫార్మలిన్‌తో చంపిన వాటిని పెట్టి చూస్తే, అవీ మాగ్నెట్‌తో పాటు తిరిగాయి, కానీ ముందుకు పోలేదు. తిప్పేది క్షేత్రం, ఈదేది బ్యాక్టీరియా.

ఈ బ్యాక్టీరియా ఒంట్లో ఉండేవి మాగ్నెటోసోములు: పొర చుట్టిన మాగ్నెటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం) స్ఫటికాలు, కొన్ని జాతుల్లో గ్రెగైట్ (ఇనుము, గంధకం ఉన్న అలాంటి ఖనిజమే). దాదాపు 35 నుంచి 120 నానోమీటర్లు. అంతకంటే బాగా చిన్నవైతే అయస్కాంతత్వం నిలకడగా ఉండదు, పెద్దవైతే ఒక్కో స్ఫటికం లోపలే దిశలు చీలిపోతాయి. ఇవన్నీ గొలుసుగా నిలిస్తేనే దిక్సూచి ముల్లులా పనిచేస్తాయి. పక్కపక్కనున్న అయస్కాంతాలు ఊరికే వదిలితే ముద్దకట్టేస్తాయి కదా, అందుకే మామ్‌కె అనే ప్రోటీన్‌తో అయిన దారం లాంటి పోగుకు మామ్‌జె అనే మరో ప్రోటీన్ వాటిని కట్టి ఉంచుతుంది. ఒక జాతిలో మామ్‌జె జన్యువు తీసేస్తే గొలుసు నిజంగానే ముద్దయిపోయింది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది ఇదే.

ఇక ఈ బ్యాక్టీరియా నిజంగా పసిగట్టేది ఆక్సిజన్‌ను. చాలా జాతులకు ఆక్సిజన్ తక్కువగా ఉండే పొర కావాలి. ఉత్తరార్ధగోళంలో క్షేత్రరేఖలు కిందికి వాలి ఉంటాయి కాబట్టి, అన్ని వైపులా వెతక్కుండా ఆ గీత వెంటే పైకీ కిందికీ కదిలితే చాలు. క్షేత్రరేఖలు వాలు లేకుండా నేలకు సమాంతరంగా ఉండే అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస దగ్గరగా పోతుంది, అందుకే తెలుగు నేలలో ఈ వాలు తక్కువ. 1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఈ బ్యాక్టీరియా గురించి రాసింది అమెరికాలోని మసాచుసెట్స్ బురద చూసే, అక్కడ వాలు చాలా ఎక్కువ.

మీరూ చేసి చూస్తే ఒక మాట: సీసాకు ఆనించాల్సింది మాగ్నెట్ దక్షిణ ధ్రువం. మన వైపు దొరికేవి ఎక్కువగా అటే వస్తాయి.