చిక్కుడుకు మందు ఆపండి, వంగ ఆకు తిప్పి చూడండి

ప్రశ్న: మేడ మీద తొట్లలో చిక్కుడు, వంగ వేశాం. చిక్కుడు తీగల మీద నారింజ మచ్చలున్న నల్లటి పురుగులు కనిపిస్తే, షాపువాళ్లు ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టాను. అవి పోయాయి గానీ పేనుబంక ఇంకా ఎక్కువైంది. వంగ మీద అక్షింతల పురుగులున్నాయి. మంచివే కదా అని వదిలేశాను. చిక్కుడుకు ఇంకేం మందు కొట్టాలి సార్?
– ఒక గృహిణి, కాప్రా, హైదరాబాద్

జవాబు: ఏ మందూ వద్దమ్మా. మీరు చంపినవి అక్షింతల పురుగు పిల్లలు. పేనుబంకను తినడానికే అవి ఆ తీగ ఎక్కాయి. పేనుబంక జతకట్టకుండానే పిల్లల్ని పెడుతుంది, వారం పది రోజుల్లో ఆ పిల్లలూ పెట్టడం మొదలుపెడతాయి. తినేవాటిని మీరే తీసేశాక పెరగక ఏం చేస్తుంది? రోజు విడిచి రోజు ఉదయం పూట, ఆకు అడుగున గట్టిగా తగిలేలా పైపుతో నీళ్లు కొట్టండి. ఆకుకు అతుక్కుని కదలకుండా ఉన్న నారింజ రంగు బొడిపెలు కనిపిస్తే తెగులనుకుని గీకేయకండి, అవి ఆ పురుగుల ప్యూపాలే, అంటే పిల్ల రెక్కల పురుగుగా మారే ముందు దశ.

వంగ మీద ఉన్నవి మాత్రం మిత్ర పురుగులు కావనుకుంటున్నాను. రెంటినీ అక్షింతల పురుగులనే అంటాం, అక్కడే వస్తుంది చిక్కు. మేలు చేసేది నున్నగా, తళతళలాడుతూ ఉంటుంది. వంగను తినేది రాగి రంగులో, సన్నటి నూగుతో మెరుపు లేకుండా ఉంటుంది, వీపు మీద 28 దాకా చుక్కలు. దాని పిల్ల పసుపు రంగులో, ఒళ్లంతా కొమ్మల్లా చీలిన ముళ్లతో ఉంటుంది, మెల్లగా కదులుతుంది. ఆకులో పచ్చదనం గీకేసి ఈనెలు మిగిలాయా? ఇక అనుమానం అక్కర్లేదు.

పొద్దున్నే పురుగుల్ని ఏరి సబ్బు నీళ్లలో వేయండి. వంగ ఆకు అడుగున పసుపు గుడ్ల గుంపులుంటే ఆ ఆకులు తుంచేయండి. చిక్కుడు మీద పేనుబంక పక్కన కనిపించే పసుపు గుడ్లను మాత్రం ముట్టుకోకండి. వంగకు 1500 పి.పి.యం. (సీసా మీద ఉండే గాఢత అంకె) వేప మందు లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున సాయంత్రం పిచికారీ చేసి, 7–10 రోజులకు మరోసారి చేయండి. అది కూడా వంగ వరకే.

ఇంతకీ ఆ షాపులో పురుగును చూశారా, మీరు చెప్పింది విని సీసా చేతిలో పెట్టారా? నాలుగు తొట్లకు రెండు దఫాల రసాయన మందు ఏమిటమ్మా! పైగా అవి మీరు వండుకునే కాయలు. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో సీసాతో ఇచ్చే కాగితంలో ఉంటుంది. ఆ గడువు పూర్తయ్యేదాకా చిక్కుడుకాయలు కోయకండి.