సమాధానం: పేర్లిచ్చింది ముప్పై మంది, ఆడియో పంపింది ఇద్దరే

పాత తెలుగు నవలను ఆడియోగా చదివేందుకు ముప్పై మంది పేర్లిచ్చి, ఇద్దరే పంపారన్నారు కదండీ. లోపం వాళ్లలో కాదు, పిలిచిన తీరులో ఉంది. పేరు బదులు ఒక్క నిమిషం రికార్డింగ్ అడగండి. హక్కులు తీరిన పుస్తకాలను వాలంటీర్లు చదివి ఉచితంగా పెట్టే వెబ్‌సైట్ లిబ్రివాక్స్‌లోనూ కొత్తవాళ్లకు ముందు ఇదే పరీక్ష. గొంతు బాగుందా అని కాదు. ఫ్యాను హోరు, 'ప' పలికినప్పుడల్లా మైకులో ఫట్‌మనడం, వాక్యం చివర గొంతు దిగిపోవడం అక్కడే దొరికిపోతాయి. ఫ్యాను ఆపి, ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టమనండి.

అధ్యాయం మొత్తం ఒకరికే ఇవ్వకండి. వెయ్యి మాటల ముక్క, రెండు వారాల గడువు. దాటితే నిష్ఠూరం లేకుండా ఇంకొకరికి. లిబ్రివాక్స్ ఫైలు ఇలా అడుగుతుంది: ఎంపీత్రీ, మోనో, 44.1 కిలోహెర్ట్జ్, 128 కేబీపీఎస్, చివర 5 సెకన్ల నిశ్శబ్దం. ఈ లెక్కలు చూసే సగం మంది జారుకుంటారు. ఆడియోను సరిదిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీతో ఆ పని మీలో ఒకరే చేసిపెట్టండి. గ్రాంథికం నోరు తిరగదనేవాళ్లనూ వదలొద్దు, వాళ్లకు విని సరిచూసే పని ఇవ్వండి. పుస్తకం ముందు పెట్టుకుని విని, ఎగిరిపోయిన వాక్యం పట్టేవాళ్లు చదివేవాళ్లకంటే అరుదు.

లిబ్రివాక్స్‌లో పెడితే చదివిన ఆడియో కూడా పబ్లిక్ డొమైన్‌లోకే, అంటే ఎవరి హక్కూ లేకుండా, పోతుందని, ఎవరైనా అమ్ముకోవచ్చని మొదటి రోజే చెప్పండి. తర్వాత తెలిస్తే గొడవే. ఇక పుస్తకం సంగతి: మన దేశంలో దాని కాపీరైట్ తీరాలంటే రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు నిండాలి. గురజాడ (మరణం 1915), వీరేశలింగం (మరణం 1919) విషయంలో చింత లేదు. కానీ కొత్త ముద్రణల్లోని పీఠికలు, వివరణలు మాత్రం చదవకండి, వాటి హక్కులు వేరే.