ఐపీలిచ్చే సర్వర్ పడిపోతే ఇంకోటి అందుకోవాలంటే?

ప్రశ్న: అన్నగారూ, మాది పర్లాకిమిడి. ఇక్కడో కాలేజీలో ల్యాబులు, హాస్టల్ నెట్‌వర్క్ నేనే చూస్తాను. డీహెచ్‌సీపీకి (అంటే సిస్టమ్స్‌కి ఐపీ అడ్రస్‌లు పంచడానికి) ఒక్కటే లినక్స్ సర్వర్, కరెంటు పోయి అది పడిపోతే కొత్తగా ఆన్ చేసిన సిస్టమ్స్‌కి 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చి నెట్ రావట్లేదు. రెండో సర్వర్ పెట్టి దాన్లోనూ అదే రేంజ్ ఇచ్చేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: వద్దండి, అదొక్కటి మాత్రం చెయ్యకండి. ఎవరికి ఏ ఐపీ ఇచ్చిందో ఒకదానిది ఇంకోదానికి తెలియకపోతే ఒకే అడ్రస్ ఇద్దరికి వెళ్ళిపోయి ఇద్దరికీ నెట్ ఆగుతుంది, అప్పుడు తప్పెక్కడుందో వెతకడం ఇప్పటికన్నా కష్టం.

ముందు లీజు టైమ్ చూడండి, అంటే ఇచ్చిన ఐపీ ఎంతసేపు ఆ సిస్టమ్‌దో ఆ గడువు. 8 గంటలు పెడితే సిస్టమ్ 4 గంటలకి రెన్యూ అడుగుతుంది, జవాబు రాకపోతే 7 గంటలకి ఏ సర్వరైనా సరే అని అడుగుతుంది, అంటే ఆన్‌లో ఉన్నవాళ్ళకి చిన్న కరెంటు కోత అసలు తెలియనే తెలియదు.

ఇక రెండో సర్వర్. పాత ఐఎస్‌సీ డీహెచ్‌సీపీని 2022లోనే ఆపేశారు, కొత్తగా పెట్టేవాళ్ళు కియా (Kea) అనే డీహెచ్‌సీపీ ప్రోగ్రామ్ పెట్టుకోండి, అందులో హాట్-స్టాండ్‌బై మోడ్ మీకు సరిగ్గా సరిపోతుంది. రెండు సర్వర్లలో ఒకటే ఐపీలిస్తుంది, ఇచ్చిన ప్రతి లీజూ రెండోదానికి చెప్తుంది, రేంజ్ చీల్చక్కర్లేదు.

అసలు విషయం ఇక్కడుంది. మొదటిది పలకట్లేదంటే పోయినట్టా, లేక రెండింటి మధ్య కేబులే ఊడిందా? రెండోదానికి తెలీదు కదా, అందుకే ఒక నిమిషం పలుకు లేకపోయినా వెంటనే అందుకోదు, జవాబు దొరకని క్లయింట్లు 10 మందిని దాటేదాకా చూస్తుంది, అది డిఫాల్ట్. పొద్దున్నే ల్యాబులో నాలుగు సిస్టమ్స్ ఆన్ చేస్తే ఆ పది ఎప్పటికయ్యేను? మ్యాక్స్-అన్‌అక్డ్-క్లయింట్స్ అనే సెట్టింగ్ 2కో 3కో తగ్గించండి. సున్నా మాత్రం నేను పెట్టమనను, కేబుల్ ఊడినా రెండూ ఐపీలివ్వడం మొదలెడతాయి.

టైమ్ రెండింట్లోనూ ఒకటే ఉండాలి, గడియారాలు సరిచేసే ఎన్టీపీ తప్పనిసరి, తేడా నిమిషం దాటితే ఫెయిలోవర్ (ఒకటి పోతే రెండోది అందుకునే ఏర్పాటు) తనే ఆగిపోతుంది. హాస్టల్ వేరే వీల్యాన్ (విడిగా చీల్చిన నెట్‌వర్క్) అయితే రిలేలో, అంటే అక్కడి ఐపీ రిక్వెస్టుల్ని సర్వర్‌కి చేరవేసే సెట్టింగ్‌లో, రెండు సర్వర్ల అడ్రస్‌లూ రాయాలి, చాలామంది మర్చిపోయేది ఇదే.

రెండింటినీ ఒకే యూపీఎస్‌కి తగిలిస్తే మాత్రం ఇంత పనీ వృథా. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మీ జిల్లాని ఎలా దెబ్బతీసిందో మీకు నేను చెప్పాలా? వేరే వేరే గదులు, వేరే యూపీఎస్‌లు, మధ్యలో స్విచ్‌కి కూడా బ్యాకప్ ఉండాలి.

అంతా అయ్యాక ఒక ఆదివారం మొదటి సర్వర్ ప్లగ్ పీకేసి నాలుగైదు ఫోన్లలో వైఫై ఫర్‌గెట్ కొట్టి మళ్ళీ కలపండి, మొదట్లో ఒకట్రెండుసార్లు తిప్పుతుంది, కంగారు పడకండి. మళ్ళీ ఆన్ చేశాక అది రెండోదాని దగ్గర్నుంచి లీజులు తెచ్చుకుని హాట్-స్టాండ్‌బైకి వచ్చిందో లేదో లాగ్‌లో చూసుకోండి.